బోర్డ్‌వాక్‌లో కేకు రెస్టారెంట్: ఒక పూట దానికే కేటాయించవచ్చా?

వెన్నెలదారి (జూన్ 2, రాత్రి 9:40)

నమస్తే అండి. ఆగస్టు మధ్యలో ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ వెళ్తున్నాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, మా అత్తయ్య. ఐదు రోజులు. ఏ రోజు ఏ పార్కో దాదాపు తేలిపోయింది. తేలనిది ఒక్కటే మిగిలింది.

అక్కడి బోర్డ్‌వాక్ రిసార్టులో 2024లో తెరిచారు కదా, ది కేక్ బేక్ షాప్. ఫొటోలు చూసినప్పటి నుంచి అక్కడ ఒక పూట తీరిగ్గా కూర్చోవాలని ఉంది. ఆ వారంలోనే మా పన్నెండో పెళ్లిరోజు. మావారు మెనూ చూసి "కేకు ముక్క 20 డాలర్ల పైమాటే, ఇద్దరు పిల్లలు, అమ్మ, ఆలోచించు" అన్నారు. వద్దనలేదు, కానీ ఆ మాట దగ్గరే ఆగిపోయాం.

వెళ్లినవాళ్లు చెప్పండి. భోజనం కూడా అక్కడే చేయాలా, కేకు ఒక్కటే తినొచ్చా? ఏ టైమ్ మంచిది? ఇంకో ముఖ్యమైన సంగతి, మా అత్తయ్య గుడ్డు తినరు. ఆవిడని ఊరికే కూర్చోబెట్టి మేం తినడం నాకిష్టం లేదు.

స్ట్రోలర్‌నాన్న (జూన్ 2, రాత్రి 10:15)

వెన్నెలదారి గారూ, ముందు బుకింగ్ సంగతి. డిస్నీలో రెస్టారెంట్ రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుస్తారు. ఉదయం 6 గంటలకే ఫోన్ పట్టుకుని ఉండాలి. అది ఈస్టర్న్ టైమ్. మీరు సెంట్రల్ టైమ్‌లో ఉంటే 5, పసిఫిక్‌లో ఉంటే తెల్లవారుజామున 3. డిస్నీ హోటల్లోనే దిగుతుంటే మీ బసలో మొదటి రోజుకి 60 రోజుల ముందే, మిగతా రోజులవి కూడా (పది రోజుల వరకు) ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. ఆగస్టు మధ్య అంటున్నారు కాబట్టి మీకు ఇంకో రెండు వారాలే ఉంది.

కార్డు నంబరు అడుగుతారు. చెప్పకుండా ఎగ్గొడితే మనిషికి 10 డాలర్లు పడుతుంది. చాలా చోట్ల రెండు గంటల ముందు రద్దు చేసుకుంటే ఏమీ పడదు. చోటును బట్టి మారుతుంది కాబట్టి బుక్ చేసే పేజీలో ఉన్నది చదివి ఒప్పుకోండి.

కార్లో వెళ్తే రిసార్టు గేటు దగ్గర రిజర్వేషన్ అడగొచ్చు, ఫోన్‌లో తీసి ఉంచుకోండి. ఆ రోజు ఎప్కాట్ పార్కులో ఉంటే కారే అవసరం లేదు. వెనకవైపు ఇంటర్నేషనల్ గేట్‌వే అని ఇంకో ద్వారం ఉంది. అక్కడ బయటికొచ్చి చెరువు గట్టున నడిస్తే బోర్డ్‌వాక్. స్ట్రోలర్ తోసుకుంటూ కూడా పది నిమిషాల్లో వెళ్లిపోయాం.

కాఫీకప్పు (జూన్ 3, ఉదయం 7:05)

నా మాట కాస్త తేడాగా ఉంటుంది, ఏమనుకోకండి. నేనైతే కూర్చోను. అదే చోట పక్కనే కౌంటర్ బేకరీ ఉంది. ముక్క కట్టించుకుని బయట చెరువు ఎదురుగా బెంచీ మీద కూర్చుంటే అదే కేకు, టిప్ లేదు, రిజర్వేషన్ లేదు, పిల్లలు పరిగెత్తినా ఎవరూ తిరిగి చూడరు.

కూర్చుంటే లెక్క ఇలా ఉంటుంది. 100 డాలర్ల బిల్లు అనుకోండి. డిస్నీ వరల్డ్ ఉన్న ఆరెంజ్ కౌంటీలో పన్ను 6.5 శాతం. టిప్ 20 శాతం. 126.50 అయింది. ఆరుగురు, అంతకన్నా ఎక్కువ మంది ఉంటే డిస్నీ రెస్టారెంట్లలో 18 శాతం వాళ్లే బిల్లులో వేసేస్తారు. మీరు ఐదుగురు కాబట్టి మీ ఇష్టం. పార్కు టికెట్లకి అంత పోశాక ఇంకో 126 అంటే మీవారు ఆగిపోవడంలో తప్పేం లేదు.

ఓవెన్‌గ్లవ్ (జూన్ 3, మధ్యాహ్నం 1:30)

నేను పదకొండేళ్లుగా హోటల్ పేస్ట్రీ కిచెన్లలో పని చేస్తున్నాను (ఇక్కడ చెప్పుకుంటున్న చోట కాదు). కాఫీకప్పు గారి లెక్క సరైనదే. కానీ ఆ డబ్బు దేనికి పోతుందో కూడా చెప్తాను, తర్వాత మీరే తేల్చుకోండి.

ఎత్తయిన పొరల కేకు ఒక్క రోజులో అయ్యే పని కాదు. ముందు రోజు స్పాంజి కాల్చి, పూర్తిగా చల్లార్చి, చుట్టి పెట్టాలి. వేడి మీద కోస్తే పొడిపొడిగా రాలిపోతుంది. మర్నాడు పొరలు కోసి, మధ్యలో క్రీము పరిచి, బయట ఒక పల్చటి పూత పూసి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ పూత పొడిని పట్టేస్తుంది. గట్టిపడ్డాక అసలు పూత. ఒక మంచి చేయి రోజుకి ఇన్ని కేకులే చేయగలదు, మిషన్ పెట్టి పెంచలేం. ఉదయం తెరిచేసరికి పెట్టె నిండా కేకులు నిలబడాలంటే రాత్రి రెండింటికి ఎవరో ఒకరు ఆప్రాన్ కట్టుకుని ఉండాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం. బెంచీ మీద తిన్నా బల్ల మీద తిన్నా కేకు ఒకటే అన్నారు. ఒకటే కాదండి. క్రీము ఉన్న కేకుని ఫుడ్ సేఫ్టీ నియమం ప్రకారం 41 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉంచుతారు, అంటే 5 సెల్సియస్. క్రీములోని వెన్న ఆ చలిలో సబ్బులా గట్టిగా ఉంటుంది. నాలుక మీద కరగదు, వాసన రాదు. అందుకే చాలామంది "అబ్బే, ఏముంది, తీపి తప్ప" అంటారు. అదే వెన్న 65, 68 డిగ్రీలకి వచ్చేసరికి మెత్తబడుతుంది, అప్పుడు వనిల్లా వనిల్లాలా ఉంటుంది. ఏసీ గదిలో పళ్లెం మీద పదిహేను ఇరవై నిమిషాలు ఉంచితే చాలు. ఆగస్టులో ఫ్లోరిడా ఎండలో బెంచీ మీద పెడితే బయట కారిపోతుంది, మధ్యలో ఇంకా రాయే.

కాబట్టి మీరు కట్టేది కేకుకి మాత్రమే కాదు, ఆ ఇరవై నిమిషాలకి కూడా. కేకు ముందే తెప్పించుకోండి. టీ వచ్చేలోపు ముట్టుకోకండి.

నూనెతో చేసే స్పాంజి, అంటే క్యారెట్ కేకు, చాలా రకాల చాక్లెట్ కేకులు, చల్లగా ఉన్నా మెత్తగానే ఉంటాయి. నూనె ఫ్రిజ్‌లో గడ్డకట్టదు కదా. ఆగే ఓపిక లేని పిల్లలు ఉంటే అలాంటిది తీసుకోండి.

కాఫీకప్పు (జూన్ 3, మధ్యాహ్నం 2:10)

ఈ చలి సంగతి నాకు తెలీదు. నేను తిన్నవన్నీ పెట్టె తెరిచీ తెరవగానే తిన్నవే. ఆలోచించాల్సిన మాట.

వెన్నెలదారి (జూన్ 3, రాత్రి 8:50)

ఓవెన్‌గ్లవ్ గారూ, చాలా థ్యాంక్స్. మావారికి చదివి వినిపించాను. రాత్రి రెండింటికి ఆప్రాన్ అన్న దగ్గర ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆయన కూడా నైట్ షిఫ్టులు చేసిన మనిషే.

మా అత్తయ్య సంగతి కూడా చెప్పండి. గుడ్డే కాదు, తీపి వంటలు గడ్డకట్టడానికి వేసే జెలటిన్ కూడా తినరు. ఇలాంటి చోట ఏమి అడగాలి, ఎలా అడగాలి?

ఓవెన్‌గ్లవ్ (జూన్ 4, ఉదయం 11:20)

ఇది నిజంగా మంచి ప్రశ్న. "వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో అడిగితే తప్పు జవాబు వస్తుంది. అమెరికాలో వెజిటేరియన్ అంటే గుడ్డు తినేవాళ్లనే లెక్క. వీగన్ అని అడిగితే పాలు, వెన్న కూడా పోతాయి, అది మీకు అక్కర్లేదు. కాబట్టి విడివిడిగా అడగాలి: గుడ్డు ఉందా, జెలటిన్ ఉందా.

పొరల కేకు, బటర్‌క్రీమ్ (వెన్నతో చేసే క్రీము): గుడ్డు దాదాపు ఖాయం. స్పాంజిలోనే కాదు, కొన్ని బటర్‌క్రీములు గుడ్డు తెల్లసొనతో చేస్తారు. జెలటిన్ మాత్రం వీటిలో అరుదు.

మూస్, పన్నకోటా, అద్దంలా మెరిసే పూత ఉన్న గుండ్రటి చిన్న కేకులు, మార్ష్‌మెలో: జెలటిన్ ఉందనే అనుకోండి. పంది చర్మం నుంచో, ఆవు ఎముకల నుంచో తీస్తారు. అగర్ సముద్రపు నాచు నుంచి వస్తుంది, దాంతో కూడా గడ్డకట్టించవచ్చు. కానీ అగర్ తునకలుగా విరుగుతుంది, జెలటిన్ ఒంటి వేడికే నోట్లో కరిగిపోతుంది. పెద్ద కిచెన్లు జెలటిన్‌ని వదలకపోవడానికి కారణం ఆ కరగడమే.

ఐస్‌క్రీమ్ గురించి చాలామందికి తెలీదు. ఇక్కడ రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి పాలు, క్రీము, చక్కెర మాత్రమే. రెండోది గుడ్డు పచ్చసొనతో చేసే కస్టర్డ్ పద్ధతి. పచ్చసొన ఘనపదార్థం 1.4 శాతం, అంతకన్నా ఎక్కువ ఉంటే "ఫ్రెంచ్" అనో "ఫ్రోజెన్ కస్టర్డ్" అనో పేరు పెట్టాలని ఫెడరల్ నియమం. అంతకన్నా తక్కువ ఉంటే మామూలు ఐస్‌క్రీమ్ అనే అమ్మొచ్చు. అంటే పేరు చూసి గుడ్డు లేదనుకోకూడదు, అడగాల్సిందే.

మెరుపు పొడి గురించి కూడా. ఈ కేకుల మీద మెరుపులు చల్లుతారు కదా. తినే మెరుపులో సాధారణంగా చక్కెర, తుమ్మజిగురు, మొక్కజొన్న పిండి, ఆహారపు రంగులు ఉంటాయి. ఎరుపు, గులాబీ రంగుల్లో కొన్నిసార్లు కార్మైన్ వాడతారు. అది కోచినీల్ అనే పురుగు నుంచి తీసే రంగు. మీ అత్తయ్యగారికి అది కూడా పట్టింపు అయితే ఆవిడ పళ్లెం మీద మెరుపు వద్దని చెప్పండి.

అడగాల్సిన టైమ్ బుకింగ్ చేసేటప్పుడే. అక్కడ నోట్ రాసే చోటు ఉంటుంది. మళ్లీ కూర్చోగానే సర్వర్‌కి చెప్పండి, "కిచెన్‌ని అడిగి చెప్పగలరా" అని. హడావిడి లేని టైమ్‌లో వెళ్తే అడిగి చెప్పే తీరిక వాళ్లకీ ఉంటుంది. ఏదీ కుదరకపోతే తాజా బెర్రీలు, పైన గిలక్కొట్టిన క్రీము అడగండి. క్రీము, చక్కెర, వనిల్లా, అంతే. మంచి పేస్ట్రీ కిచెన్‌లో ఆ క్రీము రుచి కూడా వేరుగానే ఉంటుంది.

పల్లకి (జూన్ 4, మధ్యాహ్నం 12:45)

మా నాన్న మెనూలో "బర్బన్ వనిల్లా" అని చూసి మందు కలిపారేమోనని వదిలేశారు ఒకసారి. దీనికి కూడా సమాధానం చెప్తారా?

ఓవెన్‌గ్లవ్ (జూన్ 4, మధ్యాహ్నం 1:05)

ఆ బర్బన్ విస్కీ కాదండి. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి ఉంది, దాని పాత పేరు బర్బన్. మడగాస్కర్, ఆ చుట్టుపక్కల దీవుల వనిల్లాకి ఆ పేరు వచ్చింది. అయితే వనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ దేన్నైనా ఆల్కహాల్‌లోనే తీస్తారు, అమెరికా నియమం ప్రకారం కనీసం 35 శాతం. కేకులో పడేది చెంచాడు, అందులో ఆల్కహాల్ కూడా కాల్చేటప్పుడు చాలావరకు ఆవిరైపోతుంది. మీ నాన్నగారికి రెండూ చెప్పండి, ఆయనే నిర్ణయించుకుంటారు.

నీలిగొడుగు (జూన్ 5, రాత్రి 10:30)

మేం చేసిన తప్పు చెప్తాను, మీరు చేయకండి. వేరే రాష్ట్రంలో వేరే రిసార్టు, పేరు ఎందుకులెండి. రాత్రి డిన్నర్ అయ్యాక డెజర్ట్ రెస్టారెంట్‌లో 9 గంటలకి టేబుల్. మా చెల్లి డిగ్రీ అయిన సందర్భం. పొద్దున్నుంచి నడిచి నడిచి కాళ్లు వాచిపోయాయి, కడుపు నిండా తిని వెళ్లాం.

చాక్లెట్ గోళం తెచ్చారు. సర్వర్ వేడి సాస్ పోస్తుంటే పైకప్పు నెమ్మదిగా కుంగి, లోపలి నుంచి ఎర్రటి బెర్రీలు బయటపడ్డాయి. చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను. కానీ మా చెల్లి మూడు చెంచాలు తిని "అక్కా, ఇంక నా వల్ల కాదు" అంది. మావాడు కుర్చీలో నిద్రపోయాడు. సగం పైన వదిలేశాం, కట్టించుకోవడానికి అది కట్టే వస్తువు కాదు. తిరిగొచ్చే బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు. అంత మంచి తిండిని అలా వదిలేసినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వంటలో తప్పు లేదు. వెళ్లిన టైమ్ తప్పు. డెజర్ట్ కోసమే ఉన్న చోటికి ఆకలితో వెళ్లాలి. మధ్యాహ్నం భోజనం తేలిగ్గా చేసి, రెండున్నర మూడింటికి వెళ్లండి. ఆగస్టులో ఓర్లాండోలో ఆ టైమ్‌కి ఉరుములతో వాన రావడం మామూలే. పార్కులో ఎక్కడో చూరు కింద నిలబడే బదులు కుర్చీలో కూర్చోవచ్చు.

స్ట్రోలర్‌నాన్న (జూన్ 5, రాత్రి 11:00)

నీలిగొడుగు గారు చెప్పిన టైమ్‌కే నా ఓటు. నాలుగేళ్ల పిల్లాడు ఉన్నాడు కాబట్టి ఇంకా. సాయంత్రం ఏడు దాటాక ఏ పిల్లాడూ తెల్లటి బల్లగుడ్డకి తగిన మనిషి కాదు.

వారధి (జూన్ 6, ఉదయం 9:15)

పిల్లల కోసం ఇంకో దారి కూడా చెప్తాను. బోర్డ్‌వాక్ నుంచి చెరువు అవతలి గట్టుకి నడిస్తే బీచ్ క్లబ్ రిసార్టులో బీచెస్ అండ్ క్రీమ్ సోడా షాప్ ఉంది. అక్కడ కిచెన్ సింక్ అని ఒకటి ఇస్తారు. ఎనిమిది స్కూపుల ఐస్‌క్రీమ్, ఉన్న టాపింగులన్నీ, ఒక డబ్బా విప్ క్రీము మొత్తం. సందడిగా ఉంటుంది, పిల్లలు అరిచినా కలిసిపోతుంది.

డిస్నీ వాళ్ల షాపింగ్ వీధులు, డిస్నీ స్ప్రింగ్స్ వైపు వెళ్తే అమోరెట్స్ పటిస్సెరీ ఉంది, ఓవెన్‌గ్లవ్ గారు చెప్పిన అద్దంలాంటి పూత కేకులు అక్కడ కనిపిస్తాయి. చాక్లెట్లకి ది గనాచెరీ. కుకీలకి గిడియన్స్ బేక్‌హౌస్, ఒక్కో కుకీ దాదాపు అర పౌను బరువు, క్యూ పెద్దదే. యూనివర్సల్ పార్కులకి వెళ్లేవాళ్లకి అక్కడి సిటీవాక్‌లో 2016లో తెరిచిన టూత్‌సమ్ చాక్లెట్ ఎంపోరియం ఉంది, అక్కడ పూర్తి భోజనం కూడా దొరుకుతుంది.

ఇవన్నీ మంచివే. కానీ వెన్నెలదారి గారు అడిగింది పెళ్లిరోజు పూట గురించి. నేను ఆ కేకు రెస్టారెంట్‌కే వెళ్లమంటాను. బోర్డ్‌వాక్ 1996లో తెరిచినప్పటి నుంచి ఆ మూల స్పోర్ట్స్ బార్ ఉండేది, ఈఎస్‌పీఎన్ క్లబ్. పెద్ద టీవీలు, కేకలు. అదే చోట ఇప్పుడు దీపాల గుత్తులు, గులాబీ రంగు పెట్టెలు. గ్వెండలిన్ రోజర్స్ అనే ఆవిడ 2014లో ఇండియానాపొలిస్‌లో మొదలుపెట్టిన కొట్టు ఇంతదూరం వచ్చింది. భోజనం తప్పనిసరేం కాదు, కానీ అక్కడి చికెన్ వెల్వెట్ సూపుకి మంచి పేరుంది. పాపకి ఆకలేస్తే అది తెప్పించండి.

కాఫీకప్పు (జూన్ 6, ఉదయం 9:50)

సరే, నేను మొదట చెప్పినదాన్ని కొంచెం మార్చుకుంటున్నాను. కూర్చోండి, కానీ ఐదుగురికి ఐదు ముక్కలు తెప్పించకండి. ఆ ముక్కల ఎత్తు చూశాను కాబట్టి చెప్తున్నాను, ఇద్దరికి ఒకటి ఎక్కువే. రెండు ముక్కలు, ఒక టీ, అత్తయ్యగారికి వేరేది. అప్పుడు నేను వేసిన 126 లెక్క కూడా తగ్గుతుంది.

మందారమొగ్గ (జూన్ 6, సాయంత్రం 6:20)

నట్స్ ఎలర్జీ ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. నా కొడుక్కి పీకాన్ పడదు. ఇలాంటి చోట్ల "ఈ కేకులో నట్స్ ఉన్నాయా" అని అడిగితే సరిపోదు. అన్ని కేకులూ ఒకే బల్ల మీద, ఒకే కత్తితో కోస్తే నట్స్ లేని కేకు కూడా మాకు పనికిరాదు. "వేరే కత్తి, వేరే బోర్డు వాడగలరా, ముట్టని కొత్త కేకు నుంచి కోయగలరా" అని అడుగుతాం. కుదరదని నిజం చెప్పిన చోట నాకు గౌరవం పెరిగింది. మావాడికి ఆ రోజు యాపిల్, పాలు. ఎపిపెన్ (ఎలర్జీ ముదిరితే వెంటనే వేసే ఇంజెక్షన్) బ్యాగులో ఎప్పుడూ ఉండాలి, లాకర్లో కాదు.

వెన్నెలదారి (జూన్ 17, ఉదయం 6:25)

దొరికింది! మధ్యాహ్నం 2:40కి, పెళ్లిరోజు నాడే. 5:55 నుంచి ఇద్దరం చెరో ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. దొరికింది మావారి ఫోన్‌లో. ఆలోచించమన్న మనిషే నాకంటే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. నోట్‌లో గుడ్డు, జెలటిన్ రెండూ విడిగా రాశాను. వెళ్లొచ్చి రాస్తాను.

వెన్నెలదారి (ఆగస్టు 16, సాయంత్రం 5:10)

రిసార్టు గది నుంచే రాస్తున్నాను. మర్చిపోకముందే రాయాలనిపించింది.

పొద్దున ఎప్కాట్. 11:30కి బాబుకి, పాపకి కాస్త తినిపించి, మేం పళ్లతో సరిపెట్టుకున్నాం. రెండింటికి ఇంటర్నేషనల్ గేట్‌వే నుంచి బయటికి వచ్చేసరికి పడమటి వైపు మబ్బు కమ్మేసింది. సగం దారిలో మొదటి చినుకులు. మా అత్తయ్య చీర కొంగు తల మీద కప్పుకుని నవ్వుతూ నడిచారు. లోపలికి అడుగుపెట్టగానే వాన దంచికొట్టింది. కిటికీ పక్కన టేబుల్ ఇచ్చారు.

ఓవెన్‌గ్లవ్ గారు చెప్పినట్టే ముందు కేకులు చెప్పేశాం. ఒకటి ఎర్ల్ గ్రే టీ కలిపిన చాక్లెట్ కేకు, ఒకటి క్యారెట్. పాపకి సూపు. సర్వర్ అమ్మాయి బుకింగ్‌లో నోట్ చూశానని తనే ఎత్తింది. లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, గుడ్డు లేని కేకు లేదని సూటిగా చెప్పింది. బెర్రీలు, క్రీము అడిగాను. తప్పకుండా అంది.

కేకు వచ్చాక ఇరవై నిమిషాలు ఆగడం నాకు కష్టం కాలేదు, మావారికి అయింది. రెండు నిమిషాలకే ఫోర్కుతో క్రీము మీద చిన్నగా నొక్కి చూశారు. అచ్చు కూడా పడలేదు. క్యారెట్ కేకు మాత్రం అప్పటికే మెత్తగా ఉంది, పిల్లలకి అది ఇచ్చేశాం. టీ వచ్చింది, వాన చూస్తూ తాగాం. మళ్లీ నొక్కితే ఫోర్కు దానంతటదే కిందికి దిగింది, పొర పొరకీ ఆగకుండా. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే చాక్లెట్ కంటే ముందు ఒక నారింజ తొక్క వాసన వచ్చింది. అది ఎర్ల్ గ్రేలో వేసే బెర్గమాట్ అని తర్వాత తెలిసింది. చాక్లెట్ చివర్లో, మెల్లగా వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు పాప ఒక కొస తిని "చాక్లెట్‌లాగే ఉంది" అంది. ఇరవై నిమిషాల తర్వాత అదే పాప "అమ్మా, ఇది టీ వాసన" అంది. ఒకే ముక్క.

అత్తయ్యకి గాజు గిన్నెలో రాస్ప్‌బెర్రీలు, స్ట్రాబెర్రీలు, మీద కుప్పగా క్రీము. మెరుపు లేకుండా. ఆవిడ ఒక్కో రాస్ప్‌బెర్రీని చెంచాతో లేపి, కింద కొంచెం క్రీము తీసుకుని, కళ్లు మూసుకుని తిన్నారు. "ఇందులో చక్కెర తక్కువ వేశారే, పాల వాసన తెలుస్తోంది" అన్నారు. ఆ గిన్నె పూర్తిగా ఖాళీ అయింది. మా బల్ల మీద అలా ఖాళీ అయిన గిన్నె అదొక్కటే.

బాబు గడ్డం మీద మెరుపు అంటుకుని రాత్రి స్నానం దాకా పోయేలా లేదు.

మేం 150 డాలర్లు అనుకుని వెళ్లాం. పన్ను, టిప్ కలిపి ఆ లోపే అయింది. గంటన్నర కూర్చున్నాం, లేవమన్నట్టు ఎవరూ చూడలేదు. బయటికి వచ్చేసరికి వాన వెలిసి చెరువు మీద ఆవిరి లేస్తోంది. మావారు కేకు పెట్టె పట్టుకుని నా పక్కన నడుస్తూ, వచ్చే ఏడు ఎక్కడికి వెళ్దాం అని అడిగారు. పన్నెండేళ్లలో ఆ ప్రశ్న ఎప్పుడూ నేనే అడిగాను.

స్ట్రోలర్‌నాన్న గారు, కాఫీకప్పు గారు, నీలిగొడుగు గారు, అందరికీ థ్యాంక్స్. ఓవెన్‌గ్లవ్ గారికి ఎలా చెప్పాలో తెలీడం లేదు.

కాఫీకప్పు (ఆగస్టు 16, సాయంత్రం 5:40)

చాలా సంతోషం అండి. డిసెంబరులో మేం వెళ్తున్నాం. నేను కూడా లోపలే కూర్చుంటాను.

ఓవెన్‌గ్లవ్ (ఆగస్టు 16, సాయంత్రం 6:15)

అత్తయ్యగారు పాల వాసన పట్టుకున్నారంటే ఆవిడ నాలుక గొప్పది. క్రీము ఎక్కువ గిలక్కొట్టకుండా, గరిటె ఎత్తితే మెత్తటి కొండలా నిలబడే దగ్గర ఆపితేనే ఆ వాసన నిలుస్తుంది. ఇంకో నాలుగు తిప్పులు తిప్పితే వెన్న వైపు వెళ్లిపోతుంది. లోపల చేసిన మనిషికి ఈ మాట చేరితే ఎంత బాగుండేదో. ఇలాంటివి మా దాకా రావు.

మిగిలిన ముక్క ఏం చేశారు?

వెన్నెలదారి (ఆగస్టు 16, రాత్రి 8:05)

చాక్లెట్ ముక్కలో సగం పైన మిగిలింది, గది ఫ్రిజ్‌లో పెట్టాం. అలాగే పెట్టెలో ఉంచొచ్చా?

ఓవెన్‌గ్లవ్ (ఆగస్టు 16, రాత్రి 8:20)

కోసిన వైపు స్పాంజి ఎండిపోతుంది, ఫ్రిజ్ గాలి తేమని లాగేస్తుంది. ఆ వైపు ప్లాస్టిక్ కాగితంతోనో, శుభ్రమైన కవరుతోనో అంటుకునేలా మూసి పెట్టెలో పెట్టండి. రేపటిలోపు తినేయండి. తినే ముందు అరగంట బయట ఉంచండి. మైక్రోవేవ్ మాత్రం వద్దు, క్రీము నూనెలా విడిపోతుంది.

వెన్నెలదారి (ఆగస్టు 17, ఉదయం 6:50)

పిల్లలు ఇంకా లేవలేదు. అరగంట క్రితం కేకు తీసి బల్ల మీద పెట్టాను. అత్తయ్య కాఫీ మిషన్‌లో టీకి వేడినీళ్లు పడుతున్నారు. మావారు ఫోర్కుతో నొక్కి చూసి, ఇంకో ఐదు నిమిషాలు అంటున్నారు.